తోమిన రేకులు

మహర్నవమి ముందు రోజు మాణిక్యాంబ చింతపండు రెండు గిన్నెల్లో నానబెడుతుంది. చిన్న గిన్నెలోది పులుసుకి, పెద్ద గిన్నెలోది తోమడానికి. రాగి చెంబులు, పంచపాత్ర, ఉద్ధరిణి, దీపపు కుందులు ఒక ఎత్తు. భర్త భీమశంకరం పనిముట్లు ఒక ఎత్తు. ఆయుధపూజ అంటే కత్తులూ కటార్లూ ఎవరింట్లో ఉన్నాయి గనక? టీవీ మెకానిక్కు ఇంట్లో స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, టంకం కర్ర, మీటరు ఉంటాయి. వాటికే పసుపు, వాటికే కుంకుమ.

ఏటా ఈ రోజున ఆయన తన పనిముట్లనూ, మరమ్మత్తుకి వచ్చిన వాటిల్లోంచి ఊడదీసిన రాగి ముక్కలనూ ఒక పళ్ళెంలో పెట్టి వంటింటి గడపలో ఉంచేవాడు. "మణీ, నీ చెంబులతో పాటు వీటికీ ఓ చెయ్యి వేసెయ్యి. నలుపు ఉన్నచోట కరెంటు పారదు, దేవుడూ ఉండడు" అనేవాడు. రెండో మాట ఆమెను ఉడికించడానికి. ఆయనకి దేవుడి మీద గురి తక్కువ. భార్య తోముడు మీద మాత్రం ఎక్కువ.

ఈ ఏడు గడపలో పళ్ళెం లేదు. పెట్టే చెయ్యి పడిపోయింది. మాఘమాసంలో ఒక ఉదయం స్నానానికని లేచినవాడు లేచినట్టే కూలబడ్డాడు. మాట ముద్దగా అయింది. కుడికాలు కొంత తేరుకుంది. కుడిచెయ్యి మాత్రం దండెం మీద తడి తువ్వాలులా భుజం నుంచి వేలాడుతూ ఉండిపోయింది. ఆ చేత్తోనే ఆయన ముప్ఫై అయిదేళ్ళు టంకం పెట్టాడు. కాకినాడ రామారావుపేటలో భీమశంకరం పెట్టిన టంకం గింజ చూసి ఇది ఆయనదే అని చెప్పగలిగేవాళ్ళు ఉండేవారు. ఆవగింజంత, గుండ్రంగా, తళుక్కుమంటూ ఉండేది.

పనిగదిలో సగం చోటు ఆక్రమించుకుని ఒక గేమ్ పెట్టె ఉంది. బీరువా అంత ఎత్తు; ముందు ఏటవాలు బల్ల, దాని మీద ఇద్దరాడేందుకు రెండు స్టిక్కులు, ఒక్కొక్కరికీ మూడేసి బటన్లు. టాకీసు పక్కన కొండలరావు గారి వీడియో గేమ్ షాపులో అది ఉన్న రోజుల్లో భీమశంకరం దాని మీద విమానాల ఆట ఆడుతుంటే వెనక జనం మూగేవారు. షాపు మూసేస్తూ కొండలరావు గారు, భీమశంకరం పెళ్ళికి అందరూ స్టీలు బిందెలు చదివిస్తే, ఆ పెట్టెను నలుగురు మనుషులనిచ్చి రిక్షాబండి మీద పంపించాడు. మాణిక్యాంబ అత్తగారు అది కొత్తరకం బీరువా అనుకుని పట్టుచీరలు పెట్టడానికి తలుపు వెతికింది.

కొత్తకాపురంలో మొగుడూ పెళ్ళాం సాయంత్రాలు ఆ పెట్టె ముందే గడిపేవారు. ఆయన ఎప్పుడూ మొదటి వైపు, ఆమె రెండో వైపు. తెర మీద ఎదుటి విమానం కనబడితే చాలు ఆమెకి గుండె దడ. ప్రతి బటనూ రెండేసి సార్లు నొక్కేది. "ఒక్కసారి నొక్కితే పేలుతుందే, రెండో గుండు ఎవడికి?" అని ఆయన నవ్వేవాడు. ఆమె జవాబు చెప్పేది కాదు. ఎన్నేళ్ళాడినా ఆమె గెలవలేదు.

తరవాత పిక్చరు ట్యూబు పోయింది. పెట్టె మీద పాత దుప్పటి పడింది. పదేళ్ళు అలాగే ఉంది. టీవీలు గోడలకి అతుక్కునేంత పల్చనై, బాగుచేయించుకునేవాళ్ళు తగ్గిపోయాక, తీరిక దొరికి ఆయన నిరుడు ఆ దుప్పటి తీశాడు. బోర్డు మీద బ్యాటరీ కారి రాగి గీతల్ని తినేసింది. గీత గీతకీ వెంట్రుకంత తీగ పరిచి అతికాడు. ఉబ్బిన కెపాసిటర్లు మార్చాడు. చెదపట్టిన చెక్క కోసి కొత్తది వేశాడు. పాత ట్యూబు కోసం యానాం దాకా వెళ్ళి తెచ్చాడు. స్టిక్కులూ బటన్లూ మాత్రం ముట్టుకోలేదు. నడిచేదాన్ని విప్పకూడదని ఆయన వృత్తిలో ఒక నియమం. ఇంకా పది టంకాలు మిగిలాయనగా చెయ్యి పడిపోయింది.

ఆ పెట్టెలోంచి ఊడదీసిన ఆరు రాగి రేకులే ఇప్పుడు పనిబల్ల మీద పళ్ళెంలో ఉన్నాయి. వేలెడు పొడుగు, నల్లగా కిలుం పట్టి. పొద్దున్న మేనకోడలు వాగ్దేవి వచ్చి ఏవో విప్పి, "అత్తయ్యా, మావయ్యని మా ల్యాబ్‌కి తీసుకెళ్తున్నా, సాయంత్రానికి దింపుతా" అని ఆయన్ని ఆటో ఎక్కించుకు వెళ్ళింది. వాగ్దేవి భీమశంకరం అక్కగారి కూతురు. ఊళ్ళోనే కాలేజీలో పరిశోధన చేస్తోంది. నెల రోజులుగా మావయ్యా మేనకోడలూ పనిగదిలో తలుపు చేరవేసి ఏదో మాట్లాడుకుంటున్నారు. మాణిక్యాంబ కాఫీ ఇచ్చి వచ్చేసేది. ఆమెకి చెప్పకూడదని కాదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు.

పళ్ళెం చూసి ఆమె కళ్ళు చెమర్చాయి. చెయ్యి పడిపోయినా ఆయన ఆనవాయితీ మరవలేదు, గడప దాకా మోసుకు రాలేక ఇక్కడే పెట్టాడు అనుకుంది. రేకుల్ని తెచ్చి చింతపండూ ఉప్పూ కలిపి రుద్దింది. రెండోసారి రుద్దింది. అమ్మవారి ముందు పెట్టేవి గదా అని ముగ్గుపిండితో మూడోసారి. ఆరు రేకులూ అప్పుడే పుట్టినట్టు ఎర్రగా మెరిశాయి. పొడిబట్టతో తుడిచి, కుంకుమబొట్లు పెట్టి, దేవుడి గదిలో పీట మీద వరసగా పేర్చింది.

సాయంత్రం వాగ్దేవి మావయ్యని వీధిగుమ్మం దగ్గర దింపి, "దశమినాడు వస్తా అత్తయ్యా, బండి మీద మా చెల్లి ఎదురుచూస్తోంది" అని అట్నుంచటే వెళ్ళిపోయింది. భీమశంకరం ముఖం వెలిగిపోతోంది. ఎనిమిది నెలల్లో ఆమె ఆ వెలుగు చూడలేదు. కుర్చీలో కూలబడి, ఎడంచేత్తో ఆమె కొంగు పట్టుకుని కూర్చోబెట్టాడు.

"మణీ... నా చెయ్యి దొరికింది."

"ఏవిటండీ?"

"పెట్టెలో. రేకుల్లో."

ముద్దమాటల్లోనే, ఆగి ఆగి, మొత్తం చెప్పాడు. బటను నొక్కినప్పుడల్లా కింద రెండు రేకులు తాకుతాయి. తాకినచోట కంటికి కనబడని రవ్వ లేస్తుంది. ఆ రవ్వ రాగి మీద ఒక చుక్క పెడుతుంది. ఏ వేలు నొక్కింది, ఎంత గట్టిగా, మణికట్టు ఎటు వాల్చి, మళ్ళీ ఎంతసేపటికి నొక్కింది, అన్నీ ఆ చుక్కలోనే ఉంటాయి. చుక్క మీద చుక్క, పొర మీద పొర, ఏళ్ళ తరబడి. వాగ్దేవి కట్టిన యంత్రం ఆ పొరల్ని పైనుంచి ఒక్కొక్కటే చదువుతుంది. చదివిన ఆ కదలికను ఒక తొడుగు ద్వారా చేతికి తిరిగి నేర్పుతుంది. కుక్కల మీదా కోతుల మీదా కాదు, ముందే ఇద్దరు మనుషుల మీద చేసింది. ఒక వీణ మేస్టారికి ఆయన వీణ మెట్ల నుంచి, ఒక టైపిస్టుకి ఆమె టైపు మిషను నుంచి. ఇద్దరికీ చెయ్యి లేచింది.

"చదివితే... పొర కాలిపోద్ది. ఒక్కసారే." చూపుడువేలు ఎత్తి చూపించాడు. "నా పాత చెయ్యి... ఆ ఆరు రేకుల్లో ఉంది. దశమికి మొదలెడతాం."

మాణిక్యాంబ దేవుడి గది వైపు చూసింది. గుమ్మంలోంచి పీట మీద ఎర్రటి మెరుపు కనబడుతూనే ఉంది. ఆయనకి వీపు వైపు.

"కాఫీ తెస్తానండీ" అని లేచింది.

వంటింట్లో పెద్ద గిన్నె అడుగున చింతపండు పిప్పి ఇంకా ఉంది. ఆమె దాన్ని పారబొయ్యలేదు. అలా చూస్తూ నిలబడింది. ఒక ఆలోచన వచ్చింది. చెప్పకపోతే ఏమవుతుంది? రేకుల్ని పొయ్యి మీద కాస్త చూపిస్తే మళ్ళీ నల్లబడతాయి. పళ్ళెంలో పెట్టేస్తే వాగ్దేవి తీసుకెళ్తుంది. చదివితే ఏమీ రాదు. ప్రయోగమన్నాక ఒకోసారి ఫలించదు. ఎవరి తప్పూ కాదు. అమ్మవారికి తెలుసు. కాని అమ్మవారు ఎవరికీ చెప్పదు.

ఆ చివరి మాట తన మనసులోదేనా అని ఆమె ఉలిక్కిపడింది. పొయ్యి వెలిగించి, పాలగిన్నె పెట్టి, మంట వైపు చూసి, కాఫీ మాత్రమే కలిపింది.

మర్నాడు నవమి పూజ. పీట మీద పనిముట్లన్నీ పెట్టాలి గనక ఆయన దేవుడి గదిలోకి రాక తప్పదు. అంతకు ముందే, పొద్దున్నే ఉప్మా తినిపిస్తూ చెప్పేసింది.

"ఏవండీ. ఆ రేకులు నేను తోమేశాను."

నోటి దగ్గరికి వచ్చిన ముద్ద అక్కడే ఆగింది. ఆయన ఆమెను చూశాడు. అర్థం కాక కాదు.

"నాకు తెలీదండీ. ఏటా పెట్టేవారు గదా అని. చింతపండు పెట్టి..." గిన్నె కింద పెట్టింది. "మూడుసార్లు."

ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ముద్ద తినలేదు. మెల్లగా లేచి, గోడ పట్టుకుని దేవుడి గది దాకా నడిచి, పీట ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఎడంచేత్తో ఒక రేకు తీసి కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. ఎన్నో ఏళ్ళుగా ఆమె తోముడు మీద ఆయనకున్న గురి వమ్ము కాలేదు. ఒక్క మచ్చ లేదు.

ఆ రోజంతా మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాణిక్యాంబ ఒక్కతే పూజ చేసుకుంది. లలితా సహస్రం మధ్యలో రెండుసార్లు తప్పింది. తల్లీ, నీ కోసం చేసిన పనే గదా, నీ కోసం చేసిన పని ఇలా ఎందుకు అవ్వాలి అని అడిగింది. కోపంగా కాదు. తెలుసుకుందామని. జవాబు రాలేదు. హారతి మాత్రం యథాప్రకారం ఇచ్చింది.

దశమినాడు వాగ్దేవి వచ్చి, రేకులు చూసి, అత్తయ్య ముఖం చూసి, గొట్టం లాంటి భూతద్దం తీసి ఒక్కో రేకూ పరీక్షించింది. అద్దం మీద గీతలు గీసి తుడిచేసినట్టుంది. ఆరోది కింద పెట్టి నేల మీద చతికిలబడింది.

"తప్పు నాది అత్తయ్యా. మావయ్యకి చెప్పా, మా మేస్టారికి చెప్పా, మా ల్యాబ్ వాచ్‌మన్‌కి కూడా చెప్పా. రేకులు ఉన్నది మీ ఇంట్లో. మీకు చెప్పలేదు."

"నువ్వు ఊరుకోవే అమ్మలూ. తోమింది నేను."

"మా యంత్రానికి మీ చింతపండంత శక్తి లేదు" అని వాగ్దేవి నవ్వబోయి నవ్వలేకపోయింది.

మంచం మీంచి భీమశంకరం గొంతు వినబడింది. రెండు రోజుల్లో అదే మొదటి మాట. "రెండో వైపు?"

వాగ్దేవి తల తిప్పింది. "రెండో వైపు రేకులా? విప్పలేదు మావయ్యా, పెట్టెలోనే ఉన్నాయి. కాని అటువైపు ఆడింది ఎవరో. షాపులో వచ్చీపోయే వాళ్ళ చేతులు వందల కొద్దీ ఉంటాయి."

"అవి అడుగున. పైన... ఇంట్లోవి." ఎడంచెయ్యి ఎత్తి భార్యను చూపించాడు. "పదిహేనేళ్ళు. మణి ఒక్కతే."

వీధిలో ఉల్లిపాయల బండివాడు అరుచుకుంటూ వెళ్ళిపోయాడు.

"అయ్యో, నాదేం చెయ్యండీ" అంది మాణిక్యాంబ. "గరిట తిప్పిన చెయ్యి. ఒక్క ఆట గెలిచిందా?"

"గరిటైనా... తిప్పుద్ది గదా" అన్నాడు ఆయన.

వాగ్దేవి మాత్రం గట్టిగా తల అడ్డంగా ఊపింది. మావయ్య మంచం పక్కన కూర్చుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు కాదు, ఒక మెకానిక్కు ఇంకో మెకానిక్కుకి చెప్పినట్టు చెప్పింది. మెదడు నుంచి చేతికి పాత బాట తెగిపోయింది. ఇది కొత్త బాట వేస్తుంది. ఏ నడక చూపిస్తే ఆ నడకే పడుతుంది, కావలసింది ఏరుకోవడం కుదరదు. వేశాక పాత బాట ఇక ఎప్పటికీ తెరుచుకోదు. "మీ బొటనవేలు కొంచెం కదులుతోంది మావయ్యా. అది మీ సొంతం. నెమ్మదిగా పెరగొచ్చు, పెరక్కపోవచ్చు. ఇది చేస్తే అదీ పోతుంది. చెయ్యి లేస్తుంది. కాని మీ టంకం చెయ్యి అవదు."

ఆయన బొటనవేలు చూసుకున్నాడు. డాక్టరు ఎనిమిది నెలల కిందట ఎంత కదులుతుందన్నాడో ఇప్పుడూ అంతే కదులుతోంది.

"వద్దండీ" అంది మాణిక్యాంబ. "నేను తినిపిస్తున్నాను గదా. నాకేం బరువు కాదు. మీ చెయ్యి మీకు రానివ్వండి."

"రాకపోతే?"

ఆమె ఆయన మీద దుప్పటి సర్దింది.

"పెళ్ళిలో... నీ చెయ్యి నా చేతిలో పెట్టారు" అన్నాడు ఆయన. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ. "ఇప్పుడు... పెడితే తప్పా?"

కార్తీకమాసం మొదలయ్యాక ల్యాబ్‌లో పని మొదలైంది. మాణిక్యాంబ తెల్లారగట్లే దీపం పెట్టుకుని, ఆయనకి తినిపించి, తోడు వెళ్ళేది. యంత్రం చూడ్డానికి పెద్ద ప్రెషర్ కుక్కరులా ఉంది. అందులో రేకు పెడతారు. ఆయన కుడిచేతికి మోచేతి దాకా తీగలున్న తొడుగు. మీట వేస్తే పావుగంట చిన్న రొద. ఆ పావుగంటా తొడుగులో వేళ్ళు కదులుతాయి. ఆపగానే రేకు బయటికి తీస్తే చదివిన మేర కాలి నీలంగా, కాకి రెక్కలా ఉంటుంది. ఆమె కొత్తకాపురం సాయంత్రాలు రోజుకో కణుపు చొప్పున కాలిపోయాయి. ఆమె ఆ సంగతి తలచుకుని బాధపడదామనుకునేది గాని, తొడుగు వైపు చూస్తుంటే బాధకి తీరిక చిక్కేది కాదు.

నాలుగో రోజు వాగ్దేవి తెర మీద గీతలు చూస్తూ కనుబొమలు ముడిచింది.

"ఎక్కడో పొరపాటుంది. ప్రతి నొక్కూ రెండుసార్లు వస్తోంది. టక్-టక్, ఆగడం, టక్-టక్. పదిహేనేళ్ళ ఆటలో ఒక్కచోట కూడా ఒంటి నొక్కు లేదు. మనిషి చెయ్యి ఇంత కచ్చితంగా ఉండదు మావయ్యా. యంత్రం ప్రతిదాన్నీ రెండుసార్లు చదువుతున్నట్టుంది."

"యంత్రానిది కాదు" అన్నాడు భీమశంకరం. "భయస్తురాలు. రెండో గుండు..."

"భయం అయితే ఒకసారి రెండు, ఒకసారి నాలుగు ఉండాలి కదా? ఇది తాళం వేసినట్టుంది."

మాణిక్యాంబ ఒళ్ళో కొంగు మడతలు పెట్టుకుంటోంది. చెప్పాలా వద్దా అని కాసేపు ఊగిసలాడింది. ఈ దసరాకి ఒకరికొకరు చెప్పుకోకపోవడం ఎంత పని చేసిందో గుర్తొచ్చింది.

"రామ రామ అనుకునేదాన్ని" అంది.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"విమానాలు మీదకొస్తుంటే గాభరా కదండీ. అత్తయ్యగారు భయమేస్తే రామనామం అనుకోమనేవారు. మీరు వింటే నవ్వుతారని లోపలే. వేలు కూడా దానితో పాటే పడేది. ఒక రామకి ఒకటి, ఇంకో రామకి ఇంకోటి."

భీమశంకరం నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. పదిహేనేళ్ళు పక్కన నిలబడి ఆడినవాడు.

వాగ్దేవి తెర వైపు చూసి, మళ్ళీ అత్తయ్యను చూసింది. "అయితే యంత్రం బాగానే చదువుతోంది" అని మాత్రం అంది.

పద్దెనిమిదో రోజుకి ఆరు రేకులూ కాలిపోయాయి. ఇరవయ్యో రోజున ఇంట్లో, మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఆయన కుడిచెయ్యి కంచంలోకి వెళ్ళింది. మాణిక్యాంబ గరిట పట్టుకుని నిలబడిపోయింది. చెయ్యి పప్పూ అన్నం కలిపింది. ఆయన ఎప్పుడూ పెద్ద పెద్ద ముద్దలు చేసుకునేవాడు. ఈ చెయ్యి వేళ్ళ కొసలతో చిన్న ముద్దలు చేసింది, ప్రతిదాన్నీ రెండుసార్లు నొక్కి. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళ నీళ్ళు పప్పులోకి కారాయి. "ఉప్పు ఎక్కువైంది" అన్నాడు. ఆమె ముందు నిజమేననుకుంది.

సంతోషం ఉన్నది ఉన్నట్టే ఉంది. దాని పక్కనే తక్కినవీ వచ్చాయి. ఆయన ఫాను స్విచ్చి వేస్తే చెయ్యి రెండుసార్లు నొక్కి ఆర్పేసేది. లైటు వెలిగి ఆరిపోయేది. "ఏవండీ, ఎడంచేత్తో వెయ్యండి" అని వంటింట్లోంచి కేకేసేది. పొరుగింటి సుబ్బాయమ్మ గారి తలుపు గంట రెండేసి సార్లు మోగితే ఆవిడ "ఆ వచ్చా, వచ్చా, రైలెళ్ళిపోతోందా?" అంటూ వచ్చేది. స్నానం చేసి విభూతి పెట్టుకోబోతే ఉంగరపువేలు రెండు కనుబొమల మధ్య కుంకుమబొట్టు పెట్టే చోటికే వెళ్ళి ఆగేది. ఇవన్నీ నవ్వుకునేవే.

టంకం మాత్రం నవ్వుకునేది కాదు.

మార్గశిరంలో ఒక ఉదయం ఆయన పనిబల్ల ముందు కూర్చుని టంకం కర్ర వేడి చేశాడు. గేమ్ పెట్టె బోర్డు ముందు పెట్టుకున్నాడు. మిగిలిన పది టంకాలు. మాణిక్యాంబ గుమ్మంలో నిలబడి చూస్తోంది. కర్ర తీగను తాకింది, తీసింది, మళ్ళీ తాకింది. టంకం కరిగి, గడ్డకట్టబోతూ, రెండో తాకుడుకి చెదిరి, బూడిదరంగు ఉండలా నిలిచింది. వేలితో తాకితే ఊడివచ్చింది. రెండోది చేశాడు. మూడోది. చెయ్యి చెప్పినమాట వింటుంది, కాని రెండుసార్లు వింటుంది. నాలుగోది ఊడిపోయాక కర్రను స్టాండులో పెట్టి, ప్లగ్గు తీసేసి, చేతిని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. ఎవరో చుట్టాల చెయ్యిని చూసినట్టు.

ఆమె లోపలికి రాలేదు. వచ్చి ఏమంటుంది? దేవుడి గదిలోకి వెళ్ళింది. ఆ ఆరు తోమిన రేకులు పీట మూలన అలాగే ఉన్నాయి. అమ్మా, నా నామం నన్ను కాపాడిందనుకున్నాను ఇన్నాళ్ళూ. అది ఆయన పని చెడగొడుతుంటే దాన్ని ఏమనుకోను? నామానికి చోటూ వేళా ఉండాలా? ఎంతసేపు నిలబడినా దీపం దీపంలానే ఉంది.

వారం రోజులు ఆయన పనిగది గుమ్మం తొక్కలేదు. ఎనిమిదో రోజు పొద్దున్న మాణిక్యాంబ అట్లు పోస్తోంది. పెనం మీద ఉల్లిపాయ ముక్కతో నూనె రాసి, ఆ తరవాత పిండి పోసింది. మళ్ళీ రాసి, మళ్ళీ పోసింది. ఆయన పీట మీద కూర్చుని అట్టు కోసం చూడ్డం మానేసి పెనం వైపు చూస్తున్నాడు.

"మొదట నూనె" అన్నాడు. "తరవాత పిండి."

"మరి అంటుకోదూ? మీకు ఇవాళ కొత్తగా తెలిసిందా?"

ఆయన అట్టు తినకుండానే లేచాడు. ఆమె పెనం దింపి వెనకే వెళ్ళింది. టంకం కర్ర వేడెక్కింది. ఈసారి ఆయన తీగ కొసను బోర్డుకి ఆనించలేదు. విడిగా పట్టుకున్నాడు. చెయ్యి మొదటిసారి తాకినప్పుడు తీగకి పల్చగా టంకం పూత పడింది. వెంటనే తీగను ఎడంచేత్తో బోర్డుకి ఆనించాడు. అప్పటికి రెండో తాకుడు వచ్చింది, అతికింది. కర్ర తీశాడు. టంకం గింజ గుండ్రంగా లేదు. కొంచెం కోలగా, చింతగింజలా ఉంది. వేలితో లాగాడు. రాలేదు. గోటితో గీకాడు. రాలేదు.

"ఇది ఎవరి టంకం అంటారండీ జనం?" అంది మాణిక్యాంబ, కొంచెం భయంగానే.

ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. "అడుగుతారు" అన్నాడు. "చెప్పను."

పది టంకాలకి పది రోజులు పట్టింది. రెండో వైపు కాలిపోయిన రేకుల స్థానంలో వాగ్దేవి కొత్తవి కోయించి తెచ్చింది. మొదటి వైపు కూడా కొత్తవి వేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. దేవుడి గదిలోంచి ఆ ఆరూ తెమ్మన్నాడు. నిన్న తోమినట్టే ఉన్నాయి. కుంకుమ తుడిచి, ఒక్కోటీ బిగించాడు, మరమేకు చివర రెండేసి సార్లు తిప్పి. సాయంత్రం పెట్టెకి కరెంటు ఇస్తే ట్యూబు మెల్లగా తెల్లబడి, నీలంగా మారి, తెర మీద విమానం లేచింది. గెలిచినవాళ్ళ పట్టికలో పాత పేర్లన్నీ బ్యాటరీతో పాటు పోయాయి. మొదటి స్థానం దగ్గర సున్నాలు ఉన్నాయి.

ఇద్దరూ తమ తమ వైపు నిలబడ్డారు. ఆయన ఆడాడు. కళ్ళు పాతవే, ఎదుటి విమానం ఎటునుంచి వస్తుందో రాకముందే తెలుసు. చెయ్యి మాత్రం టక్-టక్. రెండో గుండు ప్రతిసారీ గాలిలోకి. అయిదు నిమిషాలకి ఆయన విమానం కూలింది. ఆమెది ఇంకా ఎగురుతోంది. ఆమె నమ్మలేక స్టిక్కు వదిలేసింది, అప్పుడు అదీ కూలింది. కాని అప్పటికే గెలిచేసింది.

"నీ చెయ్యే" అన్నాడాయన. "ఓడిపోయింది."

"మీ దగ్గరికొచ్చినా దాని భయం పోలేదన్నమాట" అంది.

మళ్ళీ దసరా వచ్చింది. మాణిక్యాంబ చింతపండు రెండు గిన్నెల్లో నానబెట్టింది. అప్పటినుంచీ రోజూ ఓ గంట ఆట సాగుతోంది. ఆయన గెలిచే రోజులూ ఉన్నాయి, ఆమె గెలిచే రోజులూ ఉన్నాయి. సుబ్బాయమ్మ గారు కూడా అప్పుడప్పుడు వచ్చి, ఎటు కొట్టాలో తెలీక తన విమానాన్నే కూల్చుకుని పోతుంటుంది. మాట చాలా వరకు తేరుకుంది ఆయనకి.

వంటింటి గడపలో పళ్ళెం పెట్టి ఉంది. స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, మీటరు పిన్నులు. ఆయన గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"మణీ, ఒకటి అడుగుతా. నేను నోటితో ఏ నామమూ అనను. ఈ చెయ్యి మాత్రం పొద్దస్తమానం అంటూనే ఉంటుంది. స్విచ్చి మీద, కంచంలో, బటను మీద. ఆ పుణ్యం నీదా, నాదా?"

ఈ ప్రశ్న ఆమె ఏడాదిగా అమ్మవారిని అడుగుతూనే ఉంది. కోటిపల్లి గుడికి వెళ్ళినప్పుడు పూజారి గారినీ అడిగింది. ఆయన నవ్వి అక్షింతలు వేశాడు.

"నాకు తెలీదండీ" అంది. "ఎవరిదైతేనేం, చెయ్యి ఒకటే గదా."

ఆయన తల ఊపాడు. ఒప్పుకున్నాడో, ఆలోచిస్తున్నాడో. తరవాత పనిగది వైపు చూపించాడు. "పెట్టెలో రేకులు ఊడదీయమంటావా? ఏడాదైంది. నల్లబడి ఉంటాయి. మీ అమ్మవారి ముందు నల్లగా ఎలా పెడతావ్?"

ఆమె పళ్ళెం దగ్గరికి లాక్కుని, మొదటి స్క్రూడ్రైవరు మీద చింతపండు వేసింది.

"పెట్టెకి బయటినుంచి బొట్టు పెడతాను. రేకులు అలాగే ఉండనివ్వండి" అంది. "నల్లబడనివ్వండి."